బొటనవేలి మచ్చ

ఆవిడ దేన్నయినా తాకి చూడందే నమ్మదు. బట్టల కొట్లో గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది, కొత్త బల్ల కొంటే నాలుగంచులూ నిమురుతుంది, పక్కింటి పసిపిల్ల బుగ్గను ముట్టకుండా మెట్లు దిగదు. పరిశోధనశాలలో ఆవిడకు ‘నిమురుళ్ళక్క’ అని పేరు పెట్టింది బయటివాళ్ళు కాదు, కట్టుకున్నవాడే. పెట్టి ఊరుకున్నాడా, అందరి చేతా పిలిపించాడు.

మొగుడూ పెళ్ళాలిద్దరివీ ఒకే వరండాలో ఎదురెదురు గదులు. ఆయనది రాపిడి వెల్డింగు. ఒక కడ్డీని గిరగిరా తిప్పుతూ రెండో కడ్డీని దానికి ఆనించి నొక్కితే, ఆ రాపిడికే రెండూ ఎర్రబడి మెత్తబడతాయి. అప్పుడు తిప్పడం ఆపి ఇంకా గట్టిగా నొక్కితే ఒకటైపోతాయి. ఆవిడది పూత పని. లోహపు పొడిని మంటలో కరిగించి, తుపాకీలాంటి గొట్టంతో ఉక్కు మీదికి చిమ్ముతుంది. అరిగిపోయిన పంపుల ఇరుసులను పారేయకుండా ఆ పూతతో మళ్ళీ బతికించవచ్చని ఆవిడ ఆశ. ఆ ఆశతోనే పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి గది తాళం తీసేది.

పూత మాత్రం నిలిచేది కాదు.

ముందు ఇసుకలాంటి గట్టి రవ్వను గాలి జోరుతో చిమ్మి ఉక్కు బిళ్ళను గరుకు చేస్తారు. ఆ గరుకును పట్టుకునే పూత నిలబడాలి. పూత పడ్డాక దాని మీద ఇంకో బిళ్ళను జిగురుతో అతికించి, యంత్రానికి తగిలించి రెండు వైపులా లాగి చూస్తారు. లాగినప్పుడల్లా నడిమధ్యన కోలగా ఒక ముక్క పూత ఊడి వచ్చేది. ఆవిడ పొడి మార్చింది. మంట పెంచింది, తగ్గించింది. గొట్టాన్ని నోరారా తిట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి తప్పంతా గాలిలో తేమదేనని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది.

శాలకు అధికారి అయిన పెద్దాయన మంచివాడే, కానీ ఎంతకాలమని ఆగుతాడు? “ఇంకొక్కసారి లాగి చూద్దామమ్మా. ఈసారీ ఊడిందంటే నీ గది ఖాళీ చేయించి మీ ఆయన కొత్త మిషన్ పెట్టిస్తా. ఏమనుకోకు” అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ ఆ మాట చెప్పి మెతుకులు కెలుకుతూ కూర్చుంది. పెళ్ళాం గది తనకొస్తుందన్న సంగతి ఆయనకూ మింగుడు పడలేదు. మాట కలపడానికి కళ్ళజోడు తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు.

“మళ్ళీ నిమిరావు కదూ! చూడు, అద్దం మీద నీ బొటనవేలి మచ్చ.”

“తుడుచుకోండి. మీ కడ్డీల జిడ్డు మాత్రం ఏనాడైనా సరిగ్గా తుడిచారా?”

“మాకెందుకు? కాస్త జిడ్డున్నా, రాపిడికి అంచుల్లోంచి పొంగి బయటికి పోతుంది. మీ పూతకే ఆ తిప్పలు. కింద ఏముంటే అది కిందే ఉండిపోతుంది.”

ఆవిడ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. అద్దం మీద మచ్చ కోలగా ఉంది. ఊడివచ్చే ముక్కా అంతే, అదే కొలత. బిళ్ళ గరుకుదేలగానే గ్లౌజు తీసి మరీ, ‘అబ్బ, ఎంత బాగా వచ్చింది’ అనుకుంటూ నడిమధ్యన నిమిరేది ఎవరు? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

“ఏమండీ, ఊడగొడుతున్నది నేనేనండీ!” అంది. సిగ్గుతో మొహం కందిపోయింది. ఆ వెంటనే నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది.

తెలుసుకోవడం ఒక ఎత్తు, మానడం ఒక ఎత్తు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. మర్నాడు ఆఖరి బిళ్ళ గరుకుదేలి, మచ్చ లేకుండా బూడిదరంగులో ముద్దొస్తోంది. ఆవిడ చెయ్యి దానంతటదే గ్లౌజు లాగబోయింది.

“చేతులు!” అని గుమ్మంలోంచి ఆయన కేక.

“మీకు గది అక్కర్లేదా?”

“కావాలి. నిన్ను వెళ్ళగొట్టి కాదు. ముందు పటకారుతో పట్టుకో.”

పూత వేసి, రెండో బిళ్ళ అతికించి, జిగురు గట్టిపడ్డాక పెద్దాయన ఎదుటే లాగారు. యంత్రం ముల్లు ఎప్పుడూ ఊడే గీతను దాటింది, ఇంకా పైకి పోయింది. ఠప్పుమని గది అదిరిపడింది, బిళ్ళలు రెండూ విడిపోయాయి.

“అయ్యో, పోయింది!” అన్నాడు మొగుడు.

పెద్దాయన ముక్కల్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. “పోయింది జిగురయ్యా! పూత ఎక్కడిదక్కడే ఉంది. దీన్ని ఊడదీయాలంటే ఇంకా గట్టి జిగురు వెతుక్కోవాలి మనం. నీ మిషన్‌కి వేరే చోటు చూసుకో.”

“హమ్మయ్య” అన్నాడు మొగుడు, గది పోయినవాడిలా లేడు.

పెద్దాయన బిళ్ళను ఆవిడకు అందించాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని మొగుడి వంక చూసింది. “ఇప్పుడు తాకొచ్చా?”

“ఇక నీ ఇష్టం.”

ఆవిడ గ్లౌజు తీసి, జిగురు మరకల మధ్య, సరిగ్గా నడిమధ్యన బొటనవేలితో నిమిరింది. పూత గట్టిగా, ఇంకా కాస్త గరుగ్గా తగిలింది.