పెద్దాయన బూట్ల లేసులు

2004లో అబూధాబీలో ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. మా తాతగారికి చెప్పులు తెచ్చి పెట్టడానికే ఒక మనిషి ఉండేవాడు. ఆస్తి నాన్నగారి కాలానికే కరిగిపోయింది. పరాయివాడి పాదరక్షలు ముట్టకూడదన్న పట్టింపు మాత్రం నాతో గల్ఫ్ దాకా వచ్చింది. పనిలో చేరిన రోజే ఆ మాట చెప్పాను. ఇంజనీరు నవ్వి సరేనన్నాడు.

ఆ ఇంట్లోనే ఉండే ఆయన తండ్రికి ఎనభై దాటాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో జీతానికి ఫుట్‌బాల్ ఆడినవాడు. అది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్ళను గుద్దుకుంటూ పరుగెత్తే ఆట. ఒక చెవి వినపడదని సైన్యం ఆయన్ని తీసుకోలేదట. పగలంతా ఓడలు కట్టే కార్ఖానాలో పని, సాయంత్రం సాధన, ఆదివారం ఆట. మంచి ఆటగాళ్ళంతా యుద్ధానికి పోతే మిగిలినవాళ్ళం మేమని చెప్పేవాడు. ఆ ఆట ఆయన వేళ్ళను తలో దిక్కుకూ వంచేసింది. అయినా లేసుల్లేని బూట్లు తొడిగేవాడు కాదు. ఇంట్లో వంటాయన కట్టి పంపేవాడు.

రోజూ సాయంత్రం ఆయన్ని సముద్రం ఒడ్డున కార్నిష్‌కు నడకకు తీసుకెళ్ళేవాణ్ణి. దానికోసమే ఆయన పొద్దుటినుంచీ గడియారం చూసేవాడు. ఒకరోజు అక్కడ లేసు ఊడింది. నేను చూశాను. జాగ్రత్త అన్నాను గానీ వంగలేదు. ఆయన దాన్నే తొక్కుకుని మెట్ల మీద పడ్డాడు. ఇంకోసారి పడితే ఇక నడక ఉండదని కొడుకు ఖండితంగా చెప్పేశాడు.

ఆ రాత్రి నెల్లూరు నుంచి వచ్చిన ఆ వంటాయన, సాయిబు, నా ముందు టీ పెట్టి అన్నాడు: “ఏంది దొరా, పడినోణ్ణి లేపేదానికి వంగినావు గదా. అదేదో ముందే వంగుంటే పోయేది గదా.”



వారం తర్వాత మళ్ళీ నడకకు వెళ్ళాం. మళ్ళీ లేసు ఊడింది. ఆయన ఆగిపోయాడు. కట్టమని అడగలేదు. చీకటి పడేదాకా అలాగే నిలబడతాడే గానీ అడగడని నాకు అర్థమైంది. సముద్రం వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

“మా వేళ్ళకు పట్టీలు చుట్టి ఉండేవి. ఆట మధ్యలో లేసు ఊడితే పక్కవాడే కట్టాలి. ఒకసారి మా కెప్టెన్ నా ముందు మోకాలి మీద కూర్చున్నాడు.”

నేను మోకాలి మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద ఆనింది, బరువుగా. రెండు ముళ్ళు వేసి లేచేసరికి ఆయన నా చెప్పుల వైపు చూస్తున్నాడు.

“నీకు లేసుల్లేవు,” అన్నాడు. “ఇదేం న్యాయం?”

తర్వాతి శుక్రవారం లేసుల బూట్లు వేసుకుని వెళ్ళాను. ఆయన బెంచీ మీద కూర్చుని, నా కాలు తన పక్కన పెట్టమన్నాడు. ఆ వంకర వేళ్ళతో ముడి వేసేసరికి ఎండ దిగిపోయింది. పది అడుగుల్లోనే అది ఊడింది. ఆయన కంటపడకుండా ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచాను. ఆయన్ని లోపల కూర్చోబెట్టాక, కారు వెనక్కి వెళ్ళి కట్టుకున్నాను.