కోడలికి నీళ్లకింద ఊపిరి నేర్పిన మాస్టారు

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున నేను చారుకి పోపు పెడుతుంటే మా కోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "మాస్టారు పోయారు అత్తయ్యా," అంది. నా నోట ముందొచ్చిన మాట "నీళ్లలోనా?" అని. కాదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. స్టవ్వు కట్టేసి కాసేపు స్టూలు మీద కూచున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. నేను చదివింది ఐదో తరగతి, ఇలాంటివి రాయడం అలవాటు లేదు. అయినా ఢిల్లీ పక్కన ఈ వైశాలిలో, నోయిడాలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, ఆయన సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అందుకని రాస్తున్నాను.

వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగడం నేర్పేవారు. స్కూబా అంటారు. విశాఖ వైపు మనిషి, నేవీలో చేసి రిటైరై, కూతురి దగ్గరుందామని నోయిడా వచ్చారు. అక్కడో క్లబ్బు ఈతకొలనులో పాఠాలు. సముద్రం లేని ఊళ్లో ఇదేం చదువండీ అని ఒకసారి అడిగాను. "తప్పులన్నీ ఇక్కడే చేసేస్తే అక్కడ చెయ్యడానికి మిగలవు పిన్నిగారూ," అన్నారు.

మా కోడలు సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో పని చేస్తుంది. ఆఫీసు స్నేహితురాళ్లు అండమాన్ వెళ్దామన్నారని ఇందులో చేరింది. ఇంట్లో కూచుంటే నాకు భయం ఎక్కువని ప్రతి ఆదివారం నేనూ మెట్రో ఎక్కేదాన్ని. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని నీళ్లకేసే చూసేదాన్ని. తను మునిగితే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. అది ఆయన చూశారు. "ఊపిరి వదలండి పిన్నిగారూ. ఆవిడకి మొదటి రోజు చెప్పింది కూడా అదే. బిగబట్టారంటే నేను చెప్పిన మిగతావన్నీ దండగ."

కళ్లకీ ముక్కుకీ కలిపి పెట్టుకునే అద్దంలోకి నీళ్లొస్తే, కిందనే ఉండి ముక్కుతో గాలి ఊది బయటికి పంపాలి. అది మా కోడలికి చేతకాలేదు. నీళ్లు రాగానే దిగ్గున పైకొచ్చేసేది. ఆయన కేకలెయ్యరు. "ఏం కాలేదు. కాస్త ఆగి మళ్లీ," అంటారు. తనతో చేరినవాళ్లు అది దాటి ముందుకెళ్లిపోయారు, తను అక్కడే ఉంది.

నాకది బాగానే ఉంది. తను బట్టలు మార్చుకునేలోగా ఆయన దగ్గరికెళ్లి, "ఏదో వంక పెట్టి ఆపేయండి మాస్టారూ," అన్నాను.

"వంక పెట్టనండి. రాకపోతే ఆపుతాను. వస్తే మీరు ఏడ్చినా, నేర్చుకున్నట్టు కార్డు ఇచ్చేస్తాను."

"అంత నిక్కచ్చి ఏమిటండీ, ఆడపిల్ల."

"కార్డు సముద్రానికి చూపించలేం కదండీ."

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో కోడలు కోపంగా ఉంది. "ఈయన చాదస్తం అత్తయ్యా. ఇంకో చోట వారాంతంలో చేయించేసి కార్డిస్తారట. ఈ అద్దం గొడవ చూసీచూడనట్టు వదిలేస్తారట. అక్కడికి మారతాను." వారం రోజులు తనని ఇంట్లో సతాయించాను. దిగనే వద్దు, దిగితే ఆయన దగ్గరే దిగు అన్నాను. "మీరు ఎవరి వైపు అత్తయ్యా?" అంది. పైకి తిరిగి వచ్చే వైపు అన్నాను. మా అబ్బాయి నవ్వి, "ఠీక్ హై అమ్మా, మాస్టారి దగ్గరికే వెళ్తుందిలే," అన్నాడు.

చలికాలం ముగిసేసరికి అద్దం సంగతి తనకి పట్టుబడింది. అందరినీ ఆయనే అండమాన్ తీసుకెళ్లారు. నాకిక్కడ ఇంట్లో అన్నం సయించలేదు. రెండో రోజు నీళ్లలోకి కొద్దిగా దిగగానే తనకి చెవి పోటు మొదలైందట. బొటనవేలు పైకి చూపించిందట. పైకి పోదాం అని సైగ అది. ఆయన ఎందుకని అడగలేదు. మిగతావాళ్లని ఇంకో టీచరుకి అప్పజెప్పి, తనతో నెమ్మదిగా పైకొచ్చి పడవెక్కించారట.

స్నేహితురాలు ఎగతాళి చేసిందట, "ఇంత దూరం వచ్చి పడవలో కూచుని చిప్స్ తిన్నావా?" అని. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "దిగడం ఎవరైనా నేర్పుతారమ్మా. వద్దనుకున్నప్పుడు వద్దనడం, అదీ నేను నేర్పేది. ఇవాళ ఈవిడకి వచ్చింది," అన్నారట.

కార్డు లేకుండానే ఇంటికొచ్చింది. చెవి డాక్టరుకి చూపించి, మిగిలిన పాఠాలు మరుసటి ఏడాది మళ్లీ అండమాన్ వెళ్లి పూర్తి చేసింది. అక్కణ్ణించి ఆయనే నాకు ఫోన్ చేశారు. "ఇచ్చేశాను పిన్నిగారూ. ఇక ఏడుస్తారో ఏం చేస్తారో మీ ఇష్టం." నేను ఏడవలేదు. చెవి ఎలా ఉందని అడిగాను.

దినకర్మలు అయ్యాక ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు క్లబ్బు కొలను దగ్గర కలిశారు. నేనూ వెళ్లాను. ఒకరి పట్టీలు ఒకరు లాగి చూసుకుని, ఒకరి గాలి ఒకరు సరిచూసుకుని, మా కోడలితో సహా అందరూ నీళ్లలోకి దిగారు. సముద్రంలో అయితే, లోతులో ఒంట్లో చేరిన గాలి పోవడానికి, పైకొచ్చే ముందు కాసేపు మధ్యలో ఆగాలట. ఈ కొలనులో ఆ అవసరం లేదు. అయినా ఆగారు. నీళ్ల నడుమ కిందికి జారకుండా, పైకి తేలకుండా, చేతులు ముడుచుకుని వరసగా ఉన్నారు. గట్టు మీద ఇక రండి అని చెప్పేవాళ్లు లేరు. వాళ్లలో ఎవరూ తొందరపడలేదు. బుడగలు మాత్రం పైకి వస్తూ ఉన్నాయి.