గోడ పక్క మనిషి

తవ్వకాల దగ్గర అందరూ అతన్ని ‘కొలబద్ద’ అనే పిలుస్తారు. పాత గోడ ఏది బయటపడినా, విదేశీ పరిశోధన సంస్థవాళ్లు ఫోటో తీసేముందు దాని పక్కన అతన్ని నిలబెడతారు. మనిషి ఉంటే గోడ ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలుస్తుందని. మొహం మాత్రం గోడకేసి తిప్పుకోవాలి. మొహం కనిపిస్తే జనం గోడను చూడరట. ఆ నిలబడడం అతని ఒంటికి పట్టేసింది. ఇంట్లో చెప్పులు విడిచేటప్పుడు కూడా నడుం వంచడు. సంస్థ అచ్చేసిన పుస్తకం తెచ్చి చూపిస్తే భార్య పేజీలన్నీ తిప్పి, “అన్నిట్లోనూ వీపేగా. ఎవరిదైతేనేం?” అంది. “ఆ నిలబడ్డం చూడు. ఇంకెవడికొస్తుంది?” అన్నాడతను.

ఈ ఏడు పని మొదలైన రోజున, ఫోటోలు తీసే కుర్ర పరిశోధకుడు, ఆ ఊరివాడే, కూలీలందరి ముందూ అతన్ని టేపు పెట్టి కొలిచాడు. “రెండంగుళాలు తగ్గావు బాబాయ్. నువ్వు కుంగుతుంటే మా గోడలు పెరిగిపోతున్నాయి,” అన్నాడు. ఆ మాట విదేశీ ప్రొఫెసరుకు ఆయన భాషలో చెబితే ఆయనా నవ్వాడు. కొలబద్ద అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. మర్నాడు గోడల పక్కన నిలబెట్టడానికి అంకెలు వేసిన ఎరుపు తెలుపు చారల కొలత కర్ర వచ్చింది. దాన్ని మోసే పని అతనికే ఇచ్చారు. అతను కర్రను గోడ పక్కన నిటారుగా పాతి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, అలవాటు కొద్దీ దాని అంకెల వైపును గోడకేసి తిప్పాడు.

“అటు కాదు బాబాయ్,” అన్నాడు కుర్రాడు కెమెరాలోంచి తల ఎత్తకుండానే. “దాని మొహం కనిపించాలి. నువ్వు తప్పుకో, నీడ పడుతోంది.”