ఒకే ఇల్లు, రెండు ధరలు

రేవు పక్కనున్న హాడోలో డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, మున్సిపాలిటీ నోటీసును అమ్మ బైబిల్ కింద భద్రంగా పెట్టి ఉంచింది. ప్రార్థన చేస్తే తగ్గుతుందనుకుందేమో. ఇంటిపన్ను ఒక్కసారిగా ఎగిరి కూర్చుంది. కారణం రెండో పేజీలో ఉంది. మాది ఇల్లు కాదట, గెస్ట్ హౌస్ అట.

ఈ దీవిలో, షాదీపూర్ పేటలో మాది నాన్న కట్టిన ఇల్లు. కింద నేనూ అమ్మా ఉంటాం, పైన తమ్ముడూ మరదలూ. ఇల్లు మా అక్కాతమ్ముళ్లిద్దరి పేరు మీదా ఉంది కాబట్టి పన్నూ ఇద్దరిదే. మా ఇంటికి వచ్చే గెస్టులంటే పాస్టరుగారు, క్రిస్మస్‌కి మరదలి పుట్టింటివాళ్లు. వాళ్ల దగ్గర అద్దె వసూలు చేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మెట్లెక్కి తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"సర్వేవాళ్లు వొచ్చినప్పుడు నువ్వేటి చెప్పావురా?"

"నానేటి చెప్పానక్కా? గెస్ట్ హౌస్ పెడతానన్నాను."

"పెడతానన్నావా, పెట్టీసానన్నావా?"

వాడు తల గోక్కున్నాడు. "బోర్డు ఉంది కదా, అది చూపించాను. బాగుందన్నారు."

బోర్డు నిజంగానే బాగుంటుంది. నీలం సముద్రం, రెండు డాల్ఫిన్లు, కింద వాడి ఫోన్ నంబరు. రాయించినప్పటి నుంచి వాడి మంచం కిందే ఉంది.

అప్పీలు పెట్టుకోవాలంటే లైసెన్సున్న ఇంజినీరు చేత ఇల్లు కొలిపించి, విలువ కట్టించి కాగితం తెమ్మన్నారు ఆఫీసులో. సరిగ్గా అప్పుడే తమ్ముడు పై గదులకి ఏసీలు పెట్టించడానికి బ్యాంకు లోను అడిగాడు. బ్యాంకువాళ్లూ అదే కాగితం తెమ్మన్నారు.

"టెన్షన్ మత్ లో అక్కా! ఒకే ఇంజినీరు, ఒకే ఫీజు. చలో!" అన్నాడు.

సరేనన్నాను. చిక్కెక్కడుందో మర్నాడు బస్సులో నిలబడి వెళ్తుంటే తట్టింది. పన్ను తగ్గాలంటే ఇల్లు చవగ్గా కనబడాలి. లోను రావాలంటే ఖరీదుగా కనబడాలి. ఇల్లేమో ఒకటే.

నా దగ్గర మాత్రం గట్టి సాక్ష్యం ఒకటుంది. పైన వాడి బాత్రూము, దాని కిందే నా వంటగది. ఏళ్ల తరబడి పైకప్పు కారుతూనే ఉంది. ఎన్నిసార్లు మొత్తుకున్నా, "అది లీకు కాదక్కా, ఇక్కడి గాలిలో తేమ" అనేవాడు తమ్ముడు. ఆ తేమ పొయ్యి పక్కన పెట్టిన బేసిన్లో టపటపా పడేది. ఇన్నాళ్లు తిట్టుకున్న ఆ లీకు మీద ఇప్పుడు నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంజినీరు వచ్చేదాకా బేసిన్ కదపొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను.

ఆయన రేపు వస్తాడనగా, ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటగదిలో తల పైకెత్తాను. పైకప్పు పాలలా తెల్లగా ఉంది. చుక్క లేదు. మచ్చ లేదు. బేసిన్ కడిగి బోర్లించి ఉంది.

తమ్ముడు మెట్ల మీద నవ్వుతూ నిలబడ్డాడు. "మేస్త్రీని పెట్టి బాగు చేయించీసానక్కా! ఖుష్?"

"ఎవడు చేయించమన్నాడ్రా నిన్ను?" అని అరిచాను.

"బాగు చేస్తే తిట్టేదాన్ని నిన్నే చూశానే" అంది అమ్మ. కానీ నా ఏడుపు నాది. ఇన్నేళ్లూ బతిమాలితే కదలనివాడు, తీరా అవసరం వచ్చేసరికి నా లీకును నాకు దక్కకుండా చేశాడు.

ఇంజినీరు బెంగాలీ ఆయన, రిటైరైన మనిషి. వానలో గొడుగేసుకుని వచ్చాడు. అందరూ దాదా, అంటే అన్నయ్యా, అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. మరదలు పైన కొత్త కర్టెన్లు కట్టి, మంచాల మీద తువ్వాళ్లను హంసల్లా మడిచి పెట్టింది. నేను మూలన పడేసిన విరిగిన కుర్చీని తెచ్చి హాల్లో వేశాను. దాదా పాపం దాంట్లోనే కూర్చోబోయాడు. ఒక చెయ్యి నేనూ, ఒక చెయ్యి తమ్ముడూ పట్టుకుని ఆపాం. ఆ రోజంతటిలో మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే.

గోడ మీద పగులు చూపించాను. "సునామీ రోజు భూకంపంలో వచ్చింది దాదా. పునాది కదిలిపోయుంటుంది."

అమ్మ ఊరుకుంటుందా? తనకొచ్చిన హిందీలో అందుకుంది. "ఏటీ! ఆ రోజు వీధి వీధంతా పగిలింది గానీ మా ఇంటికి గీత పడలేదు బాబూ. మా ఆయన సిమెంటు కలిపిన చెయ్యి అలాటిది. ఇది మొన్న బీరువా జరుపుతూ ఈవిడే కొట్టింది."

తమ్ముడు చప్పట్లు కొట్టకుండా ఆగాడంతే. ఆయన్ని డాబా మీదికి లాక్కెళ్లాడు. "సీ వ్యూ ఉంది దాదా!"

"సముద్రం ఎక్కడుంది?" అన్నాడాయన.

"కొంచెం ఎక్కాలి."

నీళ్ల ట్యాంకు నిచ్చెన అన్నమాట. వద్దంటున్నా వినకుండా దాదా రెండు మెట్లెక్కి, కొబ్బరిమట్టల సందులోంచి మెడ చాచి చూశాడు. దిగొచ్చి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించాడు. "ఇంత ఉంది. మీ గెస్టులందరూ ట్యాంకు మీదే ఉంటారా భయ్యా?"

ఇక బాత్రూము. మరదలు పొద్దుటి నుంచీ ఆ తలుపు మూసే ఉంచింది. ఎందుకు మూసిందో దాదా తలుపు తీసి లోపల అడుగుపెట్టాకే తెలిసింది. చీలమండ దాకా నీళ్లు. మేస్త్రీ లీకుతో పాటు నీళ్లు పోయే కంతను కూడా సిమెంటుతో మూసేశాడు. సబ్బు డబ్బా పడవలా తేలుతూ వచ్చి ఆయన కాలికి తగిలింది.

"స్విమ్మింగ్ పూల్ భీ హై క్యా?" అన్నాడు దాదా, ప్యాంటు పైకి మడుచుకుంటూ.

అమ్మ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి మరదలూ నవ్వింది. చివరికి తమ్ముడూ.

టీ తాగుతూ దాదా అన్నాడు: "ఇల్లు ఒకటే, ధరా ఒకటే. దీదీకి ఒకటీ భయ్యాకి ఒకటీ రాయలేను. కానీ ఒకటి చెప్పండి. ఇక్కడ ఎప్పుడైనా గెస్టు పడుకున్నాడా?"

మేం ముగ్గురం తమ్ముడి వైపు చూశాం. వాడు కప్పులోకి చూసుకున్నాడు.

"అయితే మీ తగువు ధరతో కాదు, ఆ పేరుతో" అన్నాడాయన. ఉన్నది ఉన్నట్టే కొలిచాడు. డాబా మీది రేకుల షెడ్డు గదిగా లెక్కకు రాదనీ, ఇంట్లో సొంతవాళ్లే ఉంటున్నారనీ రాసిచ్చాడు.

అప్పీలు రోజు ఆఫీసులో మేడం కాగితం చదివి, తమ్ముణ్ణే నేరుగా అడిగింది. "గెస్ట్ హౌస్ నడుస్తోందా, లేదా?"

వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "లేదు మేడం. ఒక్కరు కూడా రాలేదు."

గెలుస్తున్నది నేనే. అయినా ఆ మాట విన్నాక, వాడి చొక్కా కాలరు నేనే సరిచేశాను. నిజానికి వాడు రోజూ ఫోన్ చేతిలో పట్టుకుని ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసేవాడు. మేడం కాగితం మీద రెసిడెన్షియల్ అని రాయడంతో మా పన్ను మళ్లీ మామూలు ఇంటిపన్ను అయింది. లోనూ వచ్చింది కానీ ఒక్క ఏసీకే సరిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి సముద్రం పోటెక్కి షిప్పులు ఆగిపోయాయి. కార్ నికోబార్ వెళ్లాల్సిన ఒక కుటుంబం జెట్టీ దగ్గర చిక్కుకుపోయిందని పాస్టరుగారు ఫోన్ చేశారు. తమ్ముడు వెళ్లి వాళ్లని తీసుకొచ్చి, ఏసీ గది ఇచ్చాడు. మరదలు చేపల పులుసు పెట్టింది. షిప్పు కదిలే రోజున ఆ ఇంటి పెద్దాయన డబ్బులు తీసి ఇవ్వబోయాడు. తమ్ముడు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"వద్దండి, వద్దు! మాది రెసిడెన్షియల్!"

నెల తిరక్కుండా వాళ్లు షిప్పులో గోనెడు కొబ్బరికాయలు పంపారు. దింపుకోవడానికి మేమిద్దరం కలిసే వెళ్లాం. దారంతా వాడు ఒక్కటే అడిగాడు, దీనికేమైనా పన్ను పడుతుందా అక్కా అని.