నా చేతికి గరిటె ఇచ్చిన టీచర్

మా తెలుగు టీచర్ పోయారని మొన్న పొద్దున్నే స్కూలు స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. "నువ్వు ఆమెకు చాలా దగ్గర గదా" అంది. అవునని అనలేకపోయాను.

పద్మారావు నగర్‌లో ఆమె మాకు పాఠాలు చెప్పిన రోజుల్లో తన మెడలో గొలుసుకు పిన్నీసుల గుత్తి వేలాడేది. ఎవరి చొక్కాకు గుండీ ఊడినా, తిట్టకుండా ఒకటి తీసి పెట్టేవారు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది వానలకు మురుగు నాలా పొంగి మా బస్తీ మునిగింది. అమ్మా నేనూ కట్టుబట్టలతో బయటపడ్డాం. వరద క్యాంపని మమ్మల్ని తీసుకెళ్లి ఉంచింది మా పాత స్కూల్లోనే. అప్పటికే రిటైరైన టీచర్ అక్కడ వంటపని చూస్తున్నారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ దుప్పట్లు పంచడానికి కొందరు వచ్చారు. చూస్తే మా ఆఫీసు వాళ్లే. పంక్తిలోంచి లేచి స్తంభం వెనక్కి వెళ్లిపోయాను. టీచర్ వాళ్లనూ చూశారు, నన్నూ చూశారు. సాంబారు గిన్నె, గరిటె తెచ్చి నా చేతిలో పెట్టారు.

"వడ్డించు. ఆకలేస్తోందా అని ఎవర్నీ అడక్కు. ఇంకొంచెం వెయ్యనా అని అడుగు."

"అరె, నువ్వు సుత వచ్చినవా సేవ చేయనీకి? చెప్పనే లేదేంది!" అంది మా ఆఫీసు అమ్మాయి. నవ్వి పక్క విస్తరి దగ్గరికి జరిగాను.

వడ్డిస్తూ వడ్డిస్తూ అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మ వాళ్లవైపు చూసింది, నా వైపు చూసింది, తల దించుకుంది.

"జెర సాంబారు పొయ్యండి మేడమ్."

పోశాను.

వాళ్లలో ఒకాయన ఫోన్ పైకెత్తితే టీచర్ అడ్డం వెళ్లారు. "తినేవాళ్ల ఫొటోలెందుకు బాబూ? చేతులు కడుక్కుని రా, మంచినీళ్లు పోద్దువుగాని."

వాళ్లు వెళ్లాక నన్ను అమ్మ పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అమ్మ మెల్లగా, "నీ ఆఫీసోళ్లు నన్ను గుర్తుపట్టలే గదా బిడ్డా?" అని అడిగింది.

తర్వాత టీచర్ అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. "అమ్మ బాగుందా?" అని, అంతే. బాగుందని చెప్పి, పని ఉందని పెట్టేసేదాన్ని. నన్ను కాపాడినందుకు కృతజ్ఞత చెప్పాలంటే, దేన్నుంచి కాపాడారో కూడా చెప్పాలి. అది నా వల్ల కాలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్తుంటే అమ్మ తానూ వస్తానంది. టీచర్ కూతురు నన్ను గుమ్మంలోనే పోల్చుకుంది.

"అమ్మ మీ గురించి ఎంత చెప్పేదోనండీ! వరదలప్పుడు క్యాంపులో చాలా సాయం చేశారట కదా."

కన్నకూతురి దగ్గర కూడా టీచర్ నా గుట్టు బయటపెట్టలేదు. కాదని చెప్పాలని నోరు తెరిచాను. చెప్పులు విప్పే వంకతో తల దించేశాను.

అమ్మే ముందుకొచ్చింది. "మేం సాయం చేసినోళ్లం గాదమ్మా. మీ అమ్మ పెడితే తిన్నోళ్లం. ఇది నా బిడ్డ."

ఆ అమ్మాయి మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. టీచర్ ఫొటో ముందు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. నేను చెప్పులైనా విప్పకుండా గుమ్మం బయటే నిలబడిపోయాను.