రెండు పౌండ్ల దారం

నైలాన్ దారానికి ఒక రుచి ఉంటుంది. ముడి బిగించే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని తడపాలి, లేకపోతే రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే బలం పోతుంది. ఈ ఉదయం మిషిగన్‌లో నేనుండే నోవై ఊరికి రెండున్నర గంటల దూరంలో, ఉత్తరాన ఒక చిన్న ఏటి గట్టు మీద కూర్చుని దారం తడుపుతుంటే నాలుకకి ఆ ప్లాస్టిక్ చేదు తగిలింది. సూర్యనారాయణ గారు గుర్తొచ్చారు. ఆయన పోయి రెండేళ్లయింది. నేను కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు. ఊరికే పని ఆపి కాసేపు అలా కూర్చుంటాను.

ఆయన నాకు మొదటి బాస్. కార్ల విడిభాగాలు ఎన్నాళ్లు మన్నుతాయో పరీక్షించే ల్యాబ్‌లో పదకొండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఆయనది రాజమండ్రి దగ్గర, నాది వరంగల్. ముప్పై ఏళ్ల మిషిగన్ చలి కూడా ఆయన గోదావరి యాసని ఏమీ చేయలేకపోయింది. చేరిన కొత్తలో ఒక బ్రాకెట్ మూడు వారాల పరీక్షకి తట్టుకుందని గర్వంగా రిపోర్టు పట్టుకెళ్లాను. ఆయన కాగితం తిప్పనైనా తిప్పలేదు. “విరగలేదా? అయితే మూడు వారాలు వేస్ట్ చేశావన్నమాట. ఎక్కడ విరుగుతుందో తెలిస్తేనే కదయ్యా దాని గురించి మనకి ఏమైనా తెలిసినట్టు. వెళ్లి లోడ్ పెంచు.” నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లి లోడ్ పెంచాను.

ఒక వేసవిలో, “వీకెండ్ ఖాళీయేనా? చేపలకి వెళ్దాం,” అన్నారు. బాస్ పిలిచాక కాదనడమెందుకని, కొట్టుకి వెళ్లి ఉన్నవాటిలో లావుపాటి గాలం కర్ర, ఇరవై పౌండ్ల బరువు మోసే దారం, అరచేతి పొడవున మెరిసే ఎరలు కొనుక్కుని వెళ్లాను. ఏరు చూస్తే మోకాలి లోతు, ఒక్క గంతులో దాటేయొచ్చు. ఆయన నా సరంజామా అంతా ఒకసారి పైనుంచి కిందికి చూశారు.

“ఏంటయ్యా ఇది? తిమింగలం ఏమైనా వస్తానని కబురు పెట్టిందా?”

“తెగిపోకూడదని తెచ్చిన సర్.”

“ఇక్కడ ట్రౌట్ చేప జానెడు ఉంటే గొప్ప. నీ దారం దానికి మోకులా కనపడుతుంది. కనపడ్డాక దగ్గరికి రమ్మన్నా రాదు.”

ఆయన కర్ర నా వేలంత సన్నం. దారం రెండు పౌండ్లది, అంటే కిలో బరువు కూడా మోయదు. ఎర గోరంత ఉంది, ఒక కొక్కెం, నీళ్లలో గిరగిరా తిరిగే చిన్న రేకు, అంతే. ఏరు తేటగా ఉంటే రంగు మాసిన రాగి రేకు, వానపడి మసకబారితే పసుపుది. ఎర ఇంత తేలికగా ఉంటే లావు దారం దాన్ని విసరనివ్వదని, సన్నదైతేనే దూరం వెళ్తుందని రెండు దారాలతోనూ నాచేత విసిరించి చూపించారు. కొక్కేనికుండే ముల్లుని ప్లయర్స్‌తో నొక్కేసేవారు, చేపని వదిలేటప్పుడు దాని నోరు చిరగకుండా. ఆ రోజు ఆయనకి ఏడు పడ్డాయి, నాకు తుమ్మకొమ్మ లాంటిదేదో పడింది. ఏడింటినీ నీళ్లలోనే ఉంచి విప్పి వదిలేశారు. వాటి పొట్టలు నారింజ రంగులో ఉన్నాయి.

ఆ తర్వాత నాలుగేళ్లు కలిసి వెళ్లాం. మూడో ఏడు నుంచి, “కళ్లజోడు కార్లో మర్చిపోయాను, ఈ ముడి కాస్త వేసిపెట్టు,” అనడం మొదలుపెట్టారు. కళ్లజోడు తాడుతో మెడలోనే వేలాడుతుండేది. ల్యాబ్‌లో కాఫీ కప్పు సగమే నింపుకునేవారు. చెయ్యి వణుకుతోందని నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఇద్దరం కళ్లజోడు మీదే నెపం పెట్టి నెట్టుకొచ్చాం.

నాలుగో ఏడు వణుకు బాగా పెరిగింది. చేప తగిలినప్పుడు చేతిలో ఒక్క కుదుపు చాలు, దారం టప్పున తెగేది. డాక్టరు ఏట్లో రాళ్ల మీద నడవడమే మానేయమన్నాడట. “ఈ సీజన్ అయ్యాక మానేస్తాను. ఒక్క చేప, నా చేత్తో, ఈ దారంతో పట్టి మానేస్తాను,” అన్నారు. ఆయన ఏదైనా కావాలని అడగగా నేను విన్నది అదొక్కటే. మే వెళ్లింది, జూలై వెళ్లింది. తెగిన ప్రతిసారీ నేను కొత్త ఎర కట్టేవాణ్ణి, ఆయన అందుకుని మళ్లీ విసిరేవారు. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

సెప్టెంబరు ఆఖరుతో సీజన్ అయిపోతుంది, మాకు మిగిలింది ఆఖరి శనివారం ఒక్కటే. ముందురోజు రీలు శుభ్రం చేయమని నాకిచ్చారు. శుభ్రం చేసి, రెండు పౌండ్ల దారం తీసేసి ఆరు పౌండ్లది చుట్టాను. ఏ వణుక్కీ తెగదు, చేప పడుతుంది, ఆయన సంతోషిస్తారు, అదీ నా లెక్క. చెప్తే ఒప్పుకోరు కాబట్టి చెప్పలేదు.

ఆ రోజు ఏరు అద్దంలా ఉంది. ఎర ఎప్పుడూ పడేంత దూరం పడలేదు. మూడుసార్లు చేప వెంటపడి వచ్చింది, దగ్గరికొచ్చి పక్కకి తిరిగి వెళ్లిపోయింది. పాత దారం చుట్ట నా జేబులోనే ఉంది. ఇప్పుడు చెప్పేద్దామా అని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పొద్దు వాలేదాకా విసిరి, ఆయనే, “ఇక పద,” అన్నారు.

హైవే ఎక్కాక అడిగారు. “ఎంతది చుట్టావ్?”

స్టీరింగ్ వదిలేసి ఎటైనా పోవాలనిపించింది. “ఆరు సర్. ఎప్పుడు తెలిసింది మీకు?”

“మొదటిసారి విసరగానే.”

“మరి చెప్పొచ్చు కద సర్, మార్చేవాణ్ణి.”

“నీ అంతట నువ్వే మారుస్తావేమోనని సాయంత్రం దాకా చూశాను.” కోపం లేదు గొంతులో. మళ్లీ ఆయనే అన్నారు. “నువ్వు నాకు చేప పడాలనుకోలేదయ్యా. తెగకూడదు అనుకున్నావు. రెండూ ఒకటి కావు.”

దారిలో కాఫీ తాగుదామా అన్నారు, తాగాం. నాది నిండుగా, ఆయనది సగం. సోమవారం ల్యాబ్‌లో మామూలుగానే మాట్లాడారు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, ఏటికీ మళ్లీ రాలేదు. ఆయన పోయాక భార్య కామేశ్వరి గారు నన్ను పిలిచి ఎరల డబ్బా ఇచ్చారు. మీకివ్వమని ముందే చెప్పారండీ అన్నారు. రాగి రేకులన్నీ ఒక అరలో, పసుపువి ఒక అరలో, మధ్యలో సీలు విప్పని రెండు పౌండ్ల దారం చుట్ట.

ఆ చుట్టే ఇప్పుడు వాడుతున్నాను. ఆయన చివరి శనివారాన్ని పాడుచేసింది నేనే, ఆ మాట నాకు నేను తగ్గించి చెప్పుకోను. ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా ఏదైనా కావాలని వస్తే, వాళ్లకేం కావాలో అడిగి, చెప్పింది పూర్తిగా విని, అప్పుడు చెయ్యి వేస్తాను. అన్నిసార్లూ కుదరదు.

ఈ ఉదయం ఒక మంచి చేప తగిలింది. ఒడ్డు దాకా వచ్చి, ఒక్కసారి తల విదిలించి, దారం తెంపుకుని పోయింది. కళ్లజోడు పెట్టుకుని, దారాన్ని నోట్లో తడిపి, మళ్లీ అదే కట్టాను.