రెండంగుళాల కొలత

2023 వానాకాలం. కార్ఖానా అనే పేటలో ఒక చిన్న షుగర్ క్లినిక్. ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో రోగులకు నేర్పడం అక్కడ నర్సుగా నా పని. ఇన్నేళ్లలో మనుషుల మాట నమ్మడం దాదాపు మానేశాను. స్వీట్ ముట్టలేదని ఒట్టేసిన పెద్దమనిషి జేబులోనే జిలేబీ పొట్లం చూశాను మరి!

అల్వాల్ టైలర్ యాదగిరన్న కుడికాలి బొటనవేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. షుగర్ మూడు వందల కిందికి దిగడం లేదు. పదిహేను రోజుల్లో దిగకపోతే వేలు తీసేయాల్సిందేనని సర్జన్ చెప్పేశారు. ఆయన ఇప్పటికీ కాలితో తొక్కే మిషన్ మీదే కుడతాడు. మనిషి పూర్తిగా బెంగటిల్లిపోయాడు.

డోసు రెండుసార్లు పెంచినా లాభం లేదు. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? మొదటి అనుమానం ఆయన భార్య సుజాత వదిన మీద. చాయ్‌లో చక్కెర ఎంత వేస్తున్నావని తిప్పి తిప్పి అడిగాను. పాపం, ఆమె ముఖం చిన్నబోయింది. తర్వాత మందుల షాపు మీద అనుమానం. సీసా తెప్పించి గడువు తేదీ చూశాను. ఆ తర్వాత ఫ్రిజ్ మీద, ఎందుకంటే గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఎవరో ఇచ్చిన ఆకుపసరు తాగుతున్నాడేమో, అసలు సూదే ఎగ్గొడుతున్నాడేమో! నోట్‌బుక్‌లో అనుమానాలు పదకొండయ్యాయి. ఈలోగా తొమ్మిది రోజులు గడిచిపోయాయి.

మా డాక్టరమ్మ ఆ నోట్‌బుక్ చూసి విసుక్కున్నారు.

"ఇవన్నీ పక్కన పెట్టు. మందు ఒంట్లోకి పోతోందా లేదా? ఈ ఒక్కటి తేల్చుకుని రా."

మర్నాడు పొద్దున్నే యాదగిరన్నను రమ్మని, నా ముందే సూది వేసుకోమన్నాను. వదిన వెంట వచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. ఆయన చొక్కా ఎత్తి, జేబులోంచి టేపు తీశాడు. బొడ్డు నుంచి కుడివైపుకు రెండంగుళాలు కొలిచి, గోరుతో గుర్తు పెట్టి, సరిగ్గా అక్కడే పొడుచుకున్నాడు.

నేను అక్కడ వేలితో నొక్కి చూశాను. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ. దీన్ని లైపోహైపర్‌ట్రోఫీ అంటారు. ఏళ్ల తరబడి ఒకేచోట పొడిస్తే కొవ్వు ఇలా గట్టిపడుతుంది. అందులో పడిన మందు ఒంటికి సరిగా ఎక్కదు.

"రోజూ ఇక్కడేనా అన్నా?"

"గీడ్నే సిస్టరమ్మా. మొదటి రోజు మీరే గదా వేలు వెట్టి సూపెట్టింది. ఇంటికి పొయ్యి కొలుసుకున్న. రెండేండ్లాయె, జెరంత సుత పక్కకు జరగలే."

రోజూ చోటు మార్చాలని చెప్పే ఉంటాను. చెప్పానని ఒట్టు మాత్రం వేయలేను.

చోటు మార్పించాం. కొత్త చోట మందు గట్టిగా పనిచేసి షుగర్ మరీ పడిపోవచ్చని డాక్టరమ్మ డోసు తగ్గించారు. నాలుగు రోజుల్లో షుగర్ రెండు వందల లోపుకు వచ్చింది. సర్జన్ ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు. పుండు మెల్లగా మానింది, వేలు దక్కింది.

చివరిసారి వచ్చినప్పుడు వదిన గుమ్మం దగ్గర ఆగింది.

"నా చాయ్‌ల ఏం తప్పు లేకుండె గద?"

"లేదు వదినా. తప్పు నాదే."

ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. పదకొండు అనుమానాల్లో నా పేరు ఎక్కడా లేదు. పన్నెండోదిగా రాసుకున్నాను. ఇప్పుడు ఎవరి షుగర్ దిగకపోయినా అక్కడి నుంచే మొదలుపెడతాను. ముందు, నేనేం నేర్పానో నాకు ఒకసారి చేసి చూపించమంటాను.